డోలు శబ్దం మన చేతిలోనే ఉండాలి

భద్రాచలం దగ్గర సారపాకలో నాకు చిన్న రికార్డింగ్ గది ఉంది. నవమికి ముందు రాములవారి పాటలు, డిసెంబర్లో క్రిస్మస్ పాటలు, ఎన్నికలొస్తే పార్టీల పాటలు, మిగతా రోజుల్లో యూట్యూబ్ జానపదాలు. ఇదీ నా పని. అంతకుముందు చాలా ఏళ్ళు ఆర్కెస్ట్రాల్లో ఆక్టాప్యాడ్ వాయించాను. ఇటు ఖమ్మం దాకా, అటు చర్ల, చింతూరు దాకా పెళ్ళిళ్ళకూ జాతరలకూ తిరిగాను. ఆ అనుభవంతో ఒక మాట చెబుతున్నాను. మన అడివి అంచు వాద్యాల శబ్దాలు కంప్యూటర్లోకి వెళ్ళక తప్పని రోజులు వచ్చేశాయి. వెళ్ళేటప్పుడు అవి ఎవరైనా విప్పి చూసుకుని, చెడిపోతే బాగుచేసుకోగల సాఫ్ట్‌వేర్లోకే వెళ్ళాలి. తాళం వేసిన పెట్టెలోకి వెళ్ళకూడదు.

ఆక్టాప్యాడ్ తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఎనిమిది రబ్బరు పలకలున్న వాద్యం అది. 1985లో జపాన్ కంపెనీ రోలాండ్ మొదటిదాన్ని తెచ్చినప్పుడు అందులో సొంత శబ్దాలు లేవు, వేరే యంత్రానికి తగిలించి వాయించాల్సిందే. తర్వాత వచ్చిన ప్యాడ్లలో శబ్దాలు లోపలే ఉంటున్నాయి. పుల్లతో పలక మీద కొడితే ఎవరో ఎప్పుడో ఏదో స్టూడియోలో కొట్టిన డప్పు దెబ్బ మళ్ళీ వినిపిస్తుంది. శబ్దాన్ని దాచుకుని, మనం అడిగినప్పుడు, అడిగినంత గట్టిగా తిరిగి వినిపించే ఏర్పాటును శాంపిలర్ అంటారు. 1979లో ఆస్ట్రేలియాలో ఫెయిర్‌లైట్ అనే శాంపిలర్ వచ్చినప్పుడు పెద్దపెద్ద స్టూడియోలకే అది అందేది. ఇవాళ అదే పని పాత ల్యాప్‌టాప్ చేస్తుంది. ఫోన్ కూడా చేస్తుంది.

నేను వాయించిన ప్యాడ్లలో తబలా ఉంది, ఢోలక్ ఉంది, డప్పు ఉంది. కోయ డోలు ఎందులోనూ లేదు. జానపద పాటకు 'అడివి రంగు' కావాలని అడిగితే నా తోటి వాద్యగాళ్ళు కాంగో పెడతారు, జెంబే పెడతారు. అవి తప్పు వాద్యాలని కాదు. దుమ్ముగూడెం మండలంలో పుట్టిన పాటకు దుమ్ముగూడెం డోలు దొరక్కపోవడం తప్పు.

డోలును దగ్గరగా విన్నవాళ్ళకు తెలుసు. కొమ్ము నృత్యంలో మగవాళ్ళు అడివిదున్న కొమ్ముల తలపాగాలు పెట్టుకుని, మెడలో పెద్ద డోళ్ళు వేసుకుని అడుగు వేస్తుంటే, రేల ఆడే ఆడవాళ్ళ వరుస దానికి తగ్గట్టు వంగి లేస్తుంటుంది. ఆ డోలుకు రెండు ముఖాలు, రెండు గొంతులు. ఒకటి కడుపులో మోగుతుంది, ఇంకొకటి చెవిలో మోగుతుంది. తోలు ఎండ తగిలితే ఒకలా, ముసురు పట్టిన రోజున ఇంకోలా పలుకుతుంది. మేడారం సమ్మక్క సారలమ్మల కథ తరతరాలుగా నిలబడింది ఈ వాద్యం తోడుతోనే. డోలి కోయలు పడిగె బట్ట పరిచి, దాని మీది బొమ్మలు చూపిస్తూ, డోలు కొడుతూ ఆ చరిత్ర చెబుతారు. మణుగూరు మండలానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. ఆయన 2024లో పోయారు. గుస్సాడీ నృత్యానికి పేరుపడ్డ కనకరాజు గారూ అదే ఏడాది పోయారు. మన రాష్ట్రం ఒక్క సంవత్సరంలో పోగొట్టుకున్నదేమిటో ఈ రెండు పేర్లే చెబుతాయి.

ఈ ప్రాంతాన్ని బయటివాళ్ళు రికార్డు చేయలేదని కాదు. పాపికొండల కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ రాసిన పుస్తకం 1945లోనే వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. ఆ పనికి నేను దండం పెడతాను. కానీ కూనవరం పిల్లవాడు తన తాతల ఊరి బొమ్మ చూడాలంటే లండన్ తలుపు తట్టాలి. శబ్దం విషయంలో కూడా అలాగే జరగాలా? ఏదో పెద్ద కంపెనీ వచ్చి మన డోళ్ళను రికార్డు చేసుకుని, 'గిరిజన వాద్యాల ప్యాక్' అని పేరుపెట్టి, ఇంటర్నెట్లో అనుమతి అడిగితే తప్ప తెరుచుకోని రూపంలో మనకే అమ్మే రోజు రాకముందే మనం కదలాలి.

ఆ ఆలోచనతోనే దుమ్ముగూడెం వైపు ఊరి కోయ కుర్రాడు ఒకడూ, నేనూ కలిసి పని మొదలుపెట్టాం. అతను ఇంజనీరింగ్ చదువుతున్నాడు. డోలు వాయించే పెద్దాయన అతనికి వరసకు తాత. మా దగ్గర ఉన్నది విండోస్ కొత్త వెర్షన్ ఎక్కని పాత ల్యాప్‌టాప్. దానిలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. రెండు మైకులు పట్టే చిన్న యూఎస్‌బీ సౌండు కార్డు పెట్టాం. డోలు ఒక్కో ముఖాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టించి, ప్రతి దెబ్బనూ విడిగా కోసి వేవ్ ఫైళ్ళుగా దాచాం. ఆ ఫైళ్ళను కీబోర్డు మీటలకు కట్టడానికి ఎస్‌ఎఫ్‌జెడ్ అనే పద్ధతి ఎంచుకున్నాం. అది ఉత్త అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవచ్చు. 'ఈ మీట నొక్కితే ఈ వేవ్ ఫైలు మోగించు, ఇంత గట్టిగా కొడితే అది, అంతకన్నా గట్టిగా కొడితే ఇది' అని వరుసగా రాసి ఉంటుంది, అంతే. దాన్ని చదివి మోగించడానికి లినక్స్‌శాంపిలర్, ఎస్‌ఫిజ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి.

అన్నీ పెట్టాక మీట నొక్కితే డోలు మోగలేదు.

ఇక్కడి నుంచి జరిగింది కొంచెం వివరంగా చెబుతాను. ఇలాంటి పని మొదలుపెట్టినవాళ్ళు నూటికి తొంభై మంది వదిలేసేది ఈ దగ్గరే. కారణాలు ఇంగ్లీషులో తప్ప దొరకవు. దొరికినవి కూడా ముందే తెలిసినవాళ్ళ కోసం రాసినట్టుంటాయి.

లినక్స్‌శాంపిలర్ రెండు ముక్కలుగా పనిచేస్తుంది. శబ్దం పుట్టించే అసలు ఇంజను తెర వెనక నడుస్తుంది. మనకు కనిపించే కిటికీ, క్యూశాంపిలర్ అనేది, దానికి ఆజ్ఞలు పంపే వేరే ప్రోగ్రాము. ఇంజను నడవకపోయినా కిటికీ తెరుచుకుంటుంది. కాబట్టి మొదట చూడాల్సింది ఇంజను లేచిందా లేదా అని. మాది లేచే ఉంది. తర్వాత తీగల సంగతి. లినక్స్‌లో శబ్దం ఎటు నుంచి ఎటు వెళ్ళాలో మనమే తెర మీద గీతలు గీసి కలపవచ్చు. పాల్ డేవిస్ మొదలుపెట్టిన జాక్, విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ ఈ పని చేస్తాయి. ఆ పటం తెరిచి చూస్తే శాంపిలర్ శబ్దం టీవీకి వెళ్ళే హెచ్‌డీఎంఐ దారికి కలిసి ఉంది. మా గదిలో టీవీ లేదు. గీతను యూఎస్‌బీ కార్డుకు మార్చాం. ఒక సలహా. కార్డును నంబరుతో పిలవకండి, పేరుతో పిలవండి. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే 0 అనుకున్న కార్డు 1 అయిపోవచ్చు.

ఇప్పుడు కొన్ని మీటలు పలికాయి, కొన్ని పలకలేదు. ఇది చాలా ఆసక్తికరమైన చిక్కు.

ఫైళ్ళలో సగం నా దగ్గర కోసినవి. సగం హైదరాబాదులో ఒక మిత్రుడు తన కంప్యూటర్లలో కోసి పంపినవి. కొన్ని విండోస్‌లో, కొన్ని పాత మ్యాక్‌లో. విండోస్‌కు ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. ఫైలు పేరు ఒకలా, ఎస్‌ఎఫ్‌జెడ్‌లో రాసిన పేరు ఇంకోలా ఉన్నా సర్దుకుపోతుంది. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. కొన్ని శాంపిలర్లు ఈ తేడాను తామే సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి మార్చేసరికి చాలా మీటలు పలికాయి.

అయినా ఒక్కటి మాత్రం మొండికేసింది. డోలు అంచుకు పైన కొట్టే దెబ్బకు మేం తెలుగులోనే 'పైదెబ్బ' అని పేరు పెట్టాం. ఎస్‌ఎఫ్‌జెడ్‌లోనూ అదే పేరు. కళ్ళకు అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. శాంపిలర్ మాత్రం ఫైలు లేదంటోంది. కుర్రాడు ఆ పేరును కంప్యూటర్ అంకెల్లోకి విప్పి చూశాడు. అప్పుడు దొరికింది. అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడ్ పద్ధతిలో మన ఐత్వాన్ని రెండు రకాలుగా దాచవచ్చు. ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వం కింద ఇంకో గుర్తు తగిలించి ఒకటి. పాత మ్యాక్ డిస్కులు ఫైలు పేర్లను విడదీసి రెండో పద్ధతిలో దాచేవి. మేం లినక్స్‌లో టైపు చేసింది మొదటి పద్ధతి. తెర మీద రెండూ 'పై' అనే కనిపిస్తాయి. కంప్యూటర్‌కు అవి వేర్వేరు అంకెల వరుసలు. పేరు చెరిపి మళ్ళీ టైపు చేశాం. పలికింది.

ఐత్వంతో వచ్చే ఈ చిక్కు ఎక్కడో దూరదేశంలో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు తట్టకపోవచ్చు. తట్టాల్సిన అవసరమూ వాళ్ళకు లేదు. తెలుగులో ఫైళ్ళకు పేర్లు పెట్టేవాళ్ళకే ఎదురవుతుంది, వాళ్ళే పట్టుకోవాలి. మేం పట్టుకోగలిగామంటే పేరు రాసిన ఫైలు మాకు కనిపించింది కాబట్టి. ఫైళ్ళన్నీ కలిపి ముద్దచేసి, సంకేతాల్లో దాచి, పైన కంపెనీ ముద్ర వేసిన శాంపిల్ ప్యాక్‌లో ఇదే లోపం ఉంటే మేం చేయగలిగేది ఏమీ లేదు. కంపెనీకి ఉత్తరం రాసి ఎదురుచూడటమే.

అన్ని మీటలూ పలికాక పెద్దాయన్ను పిలిపించి వినిపించాం. రెండు మూడు దెబ్బలు వినేసరికి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది మా డోలు గొంతు కాదు సారూ."

"నువ్వు కొట్టిందే తాతా, ఈ గదిలోనే," అన్నాడు కుర్రాడు.

"కొట్టింది నేనే. పలికేది అది కాదు. చిన్న డోలు పలికినట్టుంది. తొందర తొందరగా ఆరిపోతోంది."

ఆయన చెవి చెప్పింది అక్షరాలా నిజం. ఎస్‌ఎఫ్‌జెడ్‌లో ఒక మీట పరిధిని 'లోకీ', 'హైకీ' అని రాస్తారు. ఈ రెండే రాసి ఊరుకుంటే, ఆ శబ్దం అసలు శ్రుతి 60వ మీట దగ్గర ఉందని శాంపిలర్ తనంతట తానే అనుకుంటుంది. మన డోలు దెబ్బ 62వ మీటకు కట్టి ఉంది. కాబట్టి రెండు మెట్లు శ్రుతి పెంచి మోగించింది. శ్రుతి పెరిగితే శబ్దం తొందరగా సాగి తొందరగా ముగుస్తుంది. అందుకే ఆయనకు చిన్న డోలులా, త్వరగా ఆరిపోతున్నట్టు వినిపించింది. ఆ రెండు మాటల బదులు 'కీ' అని ఒక్క మాట రాస్తే పరిధి, అసలు శ్రుతి రెండూ ఒకే మీటకు కట్టుబడతాయి. ఒక్కో వరుసలో ఒక్క మాట మార్చాం. మళ్ళీ వినిపించాం. ఆయన ఏమీ అనకుండా పక్కనే ఉన్న బల్ల మీద చేత్తో తాళం వేయడం మొదలుపెట్టాడు.

కంప్యూటర్ గురించి ఏమీ తెలియని మనిషి, చదువుకున్న ఇద్దరికి దొరకని లోపాన్ని పట్టుకున్నాడు. ఆయన పక్కన లేకపోతే రెండు మెట్లు తప్పిన డోలు 'కోయ డోలు' పేరుతో ఊరంతా తిరిగేది. అందుకే అంటున్నాను, ఈ పని హైదరాబాదులోనో ముంబైలోనో చేసి పంపితే చాలదు. వాయించేవాళ్ళు నడిచి రాగలిగేంత దూరంలో జరగాలి.

తర్వాత ఆలస్యం సంగతి. మీట నొక్కడానికీ శబ్దం రావడానికీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. కంప్యూటర్ శబ్దాన్ని బఫరు అనే చిన్న ముక్కలుగా తయారుచేసి పంపుతుంది. సెకనుకు 48,000 నమూనాల లెక్కన 1024 నమూనాల ముక్క పెడితే ఆ ఒక్క ముక్కకే సెకనులో వెయ్యో వంతులు 21 పడతాయి. పాట వినేవాడికి అది తెలియదు. వాయించేవాడి చేతికి తెలుస్తుంది, లయ జారిపోతుంది. 128కి తగ్గిస్తే వెయ్యో వంతులు మూడు కన్నా తక్కువే పడతాయి. కానీ తగ్గించగానే పాత ల్యాప్‌టాప్ అందుకోలేక చిటపట శబ్దాలు మొదలవుతాయి. మామూలు వాడుకరికి ప్రాసెసర్ ముందు వరుస ఇవ్వకపోవడం దానికి ముఖ్య కారణం. ఆడియో గ్రూపులో మన పేరు చేర్చాలి. పరిమితుల ఫైల్లో రియల్‌టైమ్ ప్రాధాన్యం, మెమరీ లాక్ అనుమతి రెండూ ఇవ్వాలి. ఆ తర్వాత లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ కావాలి, ఈ చివరి మాట చాలామంది మరచిపోతారు. మా వైపు కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారగానే ప్రాసెసర్ వేగం తనంతట తానే తగ్గి మళ్ళీ చిటపటలు వస్తాయి. దాన్ని పూర్తి వేగానికి మార్చుకోవాలి. రియల్‌టైమ్ పనితనాన్ని లినక్స్ అసలు కెర్నెల్లో కలపడానికి ప్రపంచంలో ఎందరో సుమారు 20 ఏళ్ళు పనిచేస్తే, 2024లో 6.12 వెర్షన్‌తో అది నెరవేరింది. ఇన్నేళ్ళ శ్రమ ఫలం మన ఏజెన్సీ మండలాల్లోని పాత ల్యాప్‌టాప్‌కు కూడా పైసా ఖర్చు లేకుండా అందుతుంది.

'ఇంత యాతన ఎందుకు, ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటే పోదా' అని నన్ను అడిగినవాళ్ళున్నారు. వాళ్ళకు గిగాస్టూడియో కథ చెబుతాను. కంప్యూటర్ శాంపిలర్లలో ఒకప్పుడు అది రాజు. పెద్ద పియానోల, ఆర్కెస్ట్రాల శబ్దాలను మెమరీలోకి మొత్తం ఎక్కించకుండా హార్డ్‌డిస్కు నుంచే పారించి మోగించడం నేర్పింది గిగా శాంపిలర్లే. సంగీత దర్శకులు లక్షలు పెట్టి దాని కోసం శబ్దాలు కొనుక్కున్నారు. 2008లో దాన్ని నడుపుతున్న టాస్‌కామ్ కంపెనీ ఇక దాన్ని ఆపేస్తున్నామంది. వ్యాపారం కదా, గిట్టకపోతే ఆపేస్తారు, తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ గిగా ఫైళ్ళు ఇవాళ కూడా మోగుతున్నాయి. ఎందులో? లినక్స్‌శాంపిలర్‌లో. జీతం లేకుండా కొందరు ఆ ఫైళ్ళ లోపలి నిర్మాణాన్ని అర్థం చేసుకుని, చదివే పద్ధతిని అందరికీ కనిపించేలా రాసి పెట్టారు కాబట్టి. కొనుక్కున్న తాళం పోయాక కూడా శబ్దం బతికింది వాళ్ళ వల్లే.

లినక్స్‌శాంపిలర్ అయినా పూర్తిగా స్వేచ్ఛ ఇచ్చేది కాదని కూడా చెప్పాలి. దాని కోడ్ కనిపిస్తుంది గానీ, అనుమతి లేకుండా వ్యాపార సరుకుల్లో పెట్టకూడదన్న అదనపు షరతు ఉంది. ఆ షరతు వల్లే డెబియన్ అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవాళ్ళు దాన్ని తమ సంచయంలోంచి తీసేశారు. ఎస్‌ఫిజ్‌కు అలాంటి షరతు లేదు. అందుకే ఇప్పుడు మా డోలును ముందు ఎస్‌ఫిజ్‌లో సరిగ్గా పలికేలా చూసుకుని, తర్వాతే మిగతావాటిలో పరీక్షిస్తున్నాం. రేపు ఈ రెండూ పోయినా ఫర్వాలేదు. వేవ్ ఫైళ్ళు ఉంటాయి, ఏ దెబ్బ ఏ మీటకో రాసిన అక్షరాల ఫైలు ఉంటుంది. ఇంకో యాభై ఏళ్ళకు పుట్టే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా అది చదివించవచ్చు.

ఇక అసలు ప్రశ్న. ఈ శబ్దం ఎవరిది?

ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ఉంది. 1/70 అంటే మా వైపు చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. అది ఎంతవరకు అమలవుతోందన్నది వేరే చర్చ, కనీసం చట్టమంటూ ఉంది. శబ్దానికి అలాంటి కంచె ఏమీ లేదనుకుంటారు చాలామంది. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం చదవండి. నాలుగో సెక్షన్ ప్రకారం తమ ఆచారాలను, సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సమర్థత గ్రామసభలకు ఉంది. డోలు దెబ్బ సంప్రదాయం కాకపోతే మరేది సంప్రదాయం? కాబట్టి రికార్డు చేయాలా వద్దా, చేస్తే ఏది చేయాలి, ఎవరెవరు దేనికి వాడుకోవచ్చు అన్నది గ్రామసభ తేల్చాలి. రికార్డు చేసేవాడు నాలాంటి గిరిజనేతరుడైతే ఈ నియమం మరీ ముఖ్యం.

మా పెద్దాయన కొన్ని దెబ్బలు మైకు ముందు కొట్టనన్నాడు. అవి వేల్పుల ముందే కొట్టేవట. మేం ఎందుకని అడగలేదు, బతిమాలలేదు. ఏ సంగ్రహాలయానికైనా ఇదే పద్ధతి ఉండాలని నా అభిప్రాయం. పూర్తిగా ఉండటం కన్నా ఒప్పుకుని ఇచ్చింది ఉండటం ముఖ్యం. రికార్డయిన వాటికి కూడా ఏ ఊరు, ఏ కుటుంబం, ఏ కాలంలో, ఏ తోలు అన్న వివరాలు ఫైలు పక్కనే రాసి పెట్టాలి. డోలు వాయించిన మనిషికి ఆ రోజు కూలీ కాదు, కళాకారుడికి ఇవ్వాల్సిన పారితోషికం ఇవ్వాలి. సినిమాకు అమ్ముడైతే ఊరికి వాటా రావాలి. ఈ షరతులన్నీ తెలుగులో, వీలైతే కోయ భాషలో కూడా, ఒక్క కాగితం మీద పట్టేలా రాయవచ్చు.

ఇప్పటికే ఆలస్యమైంది. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో మా పక్క మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ముంపు ఊళ్ళ జనం పునరావాస కాలనీలకు తరలుతున్నారు. ఒక ఊరు నాలుగు కాలనీలుగా విడిపోతే కొమ్ము నృత్యానికి కావలసినంత మంది ఒకచోట ఉండరు. డోళ్ళు అటకెక్కుతాయి, తోలు పురుగు తింటుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 అడుగులు చూసిన పెద్దలు మళ్ళీ అంత చూడమనుకున్నారు. ఆ నీళ్ళలో పాత వాద్యాలు తడిసిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. అందుకే ఒక్క హార్డ్‌డిస్కులో, ఒక్క ఊళ్ళో దాచి నిశ్చింతగా ఉండలేం. ఒక కాపీ ఊళ్ళో, ఒకటి భద్రాచలంలో, ఇంకొకటి గోదావరికి దూరంగా ఖమ్మంలో ఉండాలి. ఎంత కాపీ చేసినా తరగనిదీ, కాపీ చేయడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేనిదీ అయితేనే ఇది సాధ్యం.

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత కంప్యూటర్లు చాలు. లేనిది తెలుగులో చెప్పే మనుషులు. కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఎన్నో ఏళ్ళుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. అక్కడి టీచర్లకు చిక్కులు విప్పడం వచ్చు, వాళ్ళ భాషలో పుస్తకాలు ఉన్నాయి. మన దగ్గరా స్వేచ్ఛ లాంటి సంస్థలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి పాటుపడ్డాయి. ఆ పని సంగీతం వైపు ఇంకా రావాలి. శబ్దం రాకపోతే ఏం చూడాలి, చిటపటలొస్తే ఏం మార్చాలి, ఐత్వం ఉన్న పేరు ఎందుకు దొరకదు అన్నవి ఇంటర్ చదివిన పిల్లలకు అర్థమయ్యే తెలుగులో చిన్న పుస్తకంగా రావాలి. నేనూ ఆ కుర్రాడూ మాకు తెలిసింది రాయడం మొదలుపెట్టాం. మా ఇద్దరితో అయ్యే పని కాదు.

భద్రాచలం ఐటీడీఏ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. అక్కడ వాద్యాలను చూడవచ్చు. వాటి పక్కనే వాటి శబ్దం కూడా ఉండాలి, చూడటానికి వచ్చిన ఆశ్రమ పాఠశాల పిల్లలు మీట నొక్కి వినగలగాలి, వాయించగలగాలి, ఇంటికి తీసుకెళ్ళగలగాలి. కొత్తగూడెం ఆకాశవాణి గిరిజన కళాకారుల పాత రికార్డింగులను వాళ్ళ కుటుంబాల ఒప్పుదలతో ఆ ఊళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఖమ్మం, పాల్వంచ, కొత్తగూడెం కాలేజీల్లో కంప్యూటర్ చదువుతున్న పిల్లలకు చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇంతకన్నా మంచి పని దొరకదు. ఊరూరా ఉన్న హాజరు యాప్‌లనే మళ్ళీ మళ్ళీ చేయడం కన్నా, ఒక ఊరి డోలును సరైన శ్రుతిలో, ఆలస్యం లేకుండా మోగించి చూపిస్తే ఆ విద్యార్థికి కంప్యూటర్ లోపలి సంగతులు సగం వచ్చేస్తాయి.

ఏజెన్సీ గ్రామసభల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఎవరైనా మైకు పట్టుకుని మీ ఊరికి వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఈ శబ్దం ఏ రూపంలో దాస్తారు? దాని కాపీ మా ఊరికి ఎప్పుడు ఇస్తారు? అది మోగకపోతే మా పిల్లలు విప్పి చూసుకోవచ్చా? మూడింటికీ సరైన జవాబు రాకపోతే డోలు దించకండి.